ఇంటి బీరుకి ట్యాప్ పెట్టాలంటే ముందు ఫ్రిజ్ కొలవండి

సీసాలు కడిగి కడిగి విసుగొచ్చాకే చాలామందికి కెగ్ మీద, అంటే బీరంతా ఒకేచోట నింపి ట్యాపుతో పోసుకునే స్టీలు పీపా మీద, మనసు పోతుంది. ఇరవై లీటర్ల బీరుకి 330 ఎంఎల్ సీసాలు అరవై కావాలి. ఒక్కోదాన్నీ కడగాలి, శానిటైజ్ చేయాలి, మూత బిగించాలి. కెగ్ అయితే ఒక్క పాత్రతో పని అయిపోతుంది. ఆ ఉత్సాహంలో అందరి కళ్ళూ ముందు మెరిసే స్టీలు ట్యాపు మీద పడతాయి. నిజానికి అన్నిటికంటే చివర కొనాల్సింది అదే. గ్లాసులోకి బీరు సాఫీగా దిగాలంటే ట్యాపు కంటే చల్లదనం, పైపు పొడవు ముఖ్యం. ఆ రెండూ ఫ్రిజ్‌ని బట్టి ఉంటాయి. బెంగళూరు మారతహళ్లిలోనో బెళ్ళందూరులోనో రెండు బెడ్‌రూముల అద్దె ఫ్లాట్‌లో ఉండేవాళ్ళకి జాగా కూడా లెక్కే కాబట్టి, పని టేపుతో మొదలవ్వాలి.

దానికంటే ముందు ఇంకో మాట. కర్ణాటక ఎక్సైజ్ చట్టం, 1965 ప్రకారం మద్యం తయారీకి లైసెన్సు కావాలి. మన ఇంట్లో మనం తాగడానికే కదా అని తేలిగ్గా తీసుకోకుండా ఆ సంగతి తేల్చుకున్నాకే సామాను కొనండి. ఇక్కడ చెప్పే కెగ్గు, గ్యాసు (అంటే కార్బన్ డయాక్సైడ్), పైపు లెక్కలన్నీ జింజర్ బీరుకీ, సోడా కలిపే షర్బత్తుకీ కూడా పనికొస్తాయి.

ఇక కొలతలు. కార్నీ కెగ్ అనే 19 లీటర్ల పొడుగాటి స్టీలు కెగ్ అడ్డం సుమారు 22 సెంటీమీటర్లు, ఎత్తు సుమారు 63. పైన కనెక్టర్ ఎక్కి, పైపు మలుపు తిరగడానికి ఇంకో ఆరేడు సెంటీమీటర్లు వదలాలి. అంటే 70 దాకా ఖాళీ కావాలి. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో పైన ఫ్రీజర్ పెట్టె, కింద వెనకవైపు కంప్రెసర్ గుబ్బ, మధ్యలో కూరగాయల ట్రే ఉంటాయి. అరలు, ట్రే తీసేసి గుబ్బ ముందున్న నేల మీంచి ఫ్రీజర్ పెట్టె అడుగు దాకా కొలవండి. తలుపు అరలు లోపలికి ఎంత చొచ్చుకొస్తున్నాయో కూడా చూడండి. నేల కొలత సరిపోయినా తలుపు మూసుకోని ఫ్రిజ్‌లు చాలా ఉంటాయి. అక్కడ 19 లీటర్లది పట్టకపోతే బాధపడక్కర్లేదు. అదే అడ్డంతో పొట్టిగా వచ్చే 9.5 లీటర్ల కెగ్ ఉంది. పది లీటర్ల బ్యాచ్‌లు కాచేవాళ్ళకి నా మొదటి ఓటు దానికే.

ఫ్రిజ్‌కి రంధ్రం పెట్టాల్సి వస్తే తలుపుకే పెట్టండి. పక్క గోడల్లో, వెనక, ఫ్రీజర్ చుట్టూ గ్యాసు గొట్టాలు దాగి ఉంటాయి. డ్రిల్లు ఒక్కసారి తగిలితే ఆ ఫ్రిజ్ సంగతి అంతే. ఛెస్ట్ టైపు డీప్ ఫ్రీజర్ వాడేటట్టయితే గోడలు ముట్టుకోకుండా, మూతకీ పెట్టెకీ మధ్య చెక్క చట్రం ఒకటి పెట్టి ట్యాపు దానికి బిగించాలి. దానికి బయటినుంచి థర్మోస్టాట్ తప్పనిసరి, లేకపోతే బీరు గడ్డకడుతుంది. ఎస్‌పీ రోడ్డులో దొరికే ఎస్‌టీసీ-1000 లాంటిది చాలు. సెన్సర్‌ని గాల్లో వేలాడదీయకుండా కెగ్ ఒంటికి టేపుతో అతికించి, మీద థర్మోకోల్ ముక్క కప్పండి. గాలి వేడిని చూపిస్తే కంప్రెసర్ ఊరికే ఆగి మొదలవుతూ ఉంటుంది. కంప్రెసర్ ఆగాక మళ్ళీ మొదలయ్యే ఆలస్యాన్ని కనీసం మూడు నిమిషాలకి పెట్టండి.

అసలు ఇంత అవసరమా అన్న సందేహం ఉంటే కోలా సీసాతో మొదలుపెట్టండి. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా మెడకి సరిపోయే స్టీలు కార్బొనేషన్ క్యాప్ దొరుకుతుంది. దాని మీద కెగ్‌కి ఎక్కే గ్యాసు కనెక్టరే ఎక్కుతుంది. బీరు బాగా చల్లబడ్డాక అయిదో వంతు ఖాళీ వదిలి నింపండి. సీసా నొక్కి గాలంతా బయటికి తోసి క్యాప్ బిగించండి. 30 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో ప్రెషర్ కొలత) ఇచ్చి ఒక నిమిషం ఊపండి. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే మర్నాటికి బీరు సిద్ధం. మంచినీళ్ళ సీసా మాత్రం వద్దు, అది ప్రెషర్‌కి చేసింది కాదు. గాజు జాడీలకి గ్యాసు ఎక్కించడం అసలే వద్దు, అవి పగిలితే ముక్కలు గోడల్లో దిగుతాయి.

తర్వాతి మెట్టు నాలుగైదు లీటర్ల స్టీలు మినీ కెగ్. పైన చిన్న ట్యాపు, చిన్న రెగ్యులేటర్, 8 లేదా 16 గ్రాముల గ్యాసు కార్ట్రిడ్జ్ ఉంటాయి. తలుపు అరలోకో, కింది అరలోకో పట్టేస్తుంది, పార్టీకి మోసుకుపోవచ్చు. దీని లోటు గ్యాసు దగ్గర తెలుస్తుంది. ఒక లెక్క వేసి చూద్దాం. పులిసి అయిపోయిన బీరులో లీటరుకి 0.8 వాల్యూముల గ్యాసు ముందే కరిగి ఉంటుంది. దాన్ని 2.5 వాల్యూములకి తేవాలి. ఒక వాల్యూము అంటే లీటరుకి దాదాపు 2 గ్రాములు. నాలుగు లీటర్లకి కరిగించడానికే 13 గ్రాములు పోతాయి. అది చల్లగా ఉన్నప్పుడు 13 పీఎస్‌ఐ దగ్గర బయటికి తోయడానికి ఇంకో 14. అంటే కెగ్గుకి రెండు పెద్ద కార్ట్రిడ్జ్‌లు. ప్రతిసారీ ఇది జేబుకి భారమే. అందుకే మినీ కెగ్ వాడేవాళ్ళు చక్కెరతోనే గ్యాసు పుట్టించుకోవాలి. లీటరుకి ఆరు గ్రాముల చక్కెర మరిగించి చల్లార్చి కలిపి, ట్యాపు లేని మామూలు మూత బిగించి, రెండు వారాలు గదిలోనే ఉంచాలి. అప్పుడు కార్ట్రిడ్జ్ తోయడానికి మాత్రమే ఖర్చవుతుంది. అడుగున ఈస్టు మడ్డి పేరుకుంటుంది కాబట్టి మొదటి అర గ్లాసు పారబోయాలి.

చేతిపంపుతో గాలి కొట్టే పార్టీ పంపుల మాట మర్చిపోండి. ఆక్సిజన్ తగిలిన బీరు ఒకటి రెండు రోజుల్లో తడి అట్టముక్క రుచికి వచ్చేస్తుంది.

కార్నీ కెగ్ దాకా వచ్చాక అసలు నిర్ణయం గ్యాసు గురించి. 19 లీటర్లకి పై లెక్కే వేస్తే కరిగించడానికి 60, తోయడానికి 70, నింపేముందు కెగ్‌లో గాలి వెళ్ళగొట్టడానికి ఇంకో 60 గ్రాములు. మొత్తం 190. రెండు కిలోల సిలిండర్ పది కెగ్గులకి వస్తుంది, లీకు లేకపోతేనే సుమా. అయిదు కిలోలది తీసుకుంటే నింపించే తిరుగుళ్ళు తగ్గుతాయన్నది నిజమే. ఫ్లాట్‌లో మాత్రం నేను రెండు కిలోలే చెబుతాను. కిలో కార్బన్ డయాక్సైడ్ విడుదలైతే అర ఘనమీటరు పైనే గ్యాసు అవుతుంది. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గది 28 ఘనమీటర్లు. రెండు కిలోలు మొత్తం లీకైతే ఆ గదిలో నాలుగు శాతానికి చేరుతుంది. ప్రాణాపాయపు హద్దు అని లెక్కగట్టేది అక్కడే. అయిదు కిలోలైతే పది శాతం, మనిషి స్పృహ తప్పి పడిపోతాడు. వాసన ఉండదు, గాలికంటే బరువు కాబట్టి నేలమీద పరుచుకుంటుంది. తలుపు మూసిన స్టోర్‌రూములో కాకుండా యుటిలిటీలో, ఎండ తగలని మూల, నిటారుగా, గొలుసుతో కట్టి పెట్టండి. కార్లో తెచ్చేటప్పుడు అద్దాలు దించండి.

నింపించేచోట ఫుడ్ గ్రేడ్ అని అడిగి మరీ తీసుకోండి. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ సిలిండర్ చవగ్గా వస్తుంది కదా అని తెచ్చుకోవద్దు. అందులో అడుగుదాకా గొట్టం ఉంటుంది, గ్యాసు బదులు ద్రవం వచ్చి రెగ్యులేటర్ పాడవుతుంది. సిలిండర్ మెడ మీద కొట్టిన హైడ్రోటెస్ట్ (నీళ్ళతో చేసే ప్రెషర్ పరీక్ష) తేదీ చూడండి. అయిదేళ్ళు దాటితే నింపేవాళ్ళు వెనక్కి పంపుతారు.

డబ్బు ఎక్కడైనా పొదుపు చేయండి గానీ రెగ్యులేటర్ దగ్గర వద్దు. వెల్డింగ్ రెగ్యులేటర్ నిమిషానికి ఎన్ని లీటర్లో చూపిస్తుంది, మనకి కావాల్సింది సున్నా నుంచి ముప్ఫై పీఎస్‌ఐ మధ్య సన్నగా తిప్పుకునే ప్రెషర్. అక్వేరియం రెగ్యులేటర్లలో చాలావాటికి బయటికొచ్చే ప్రెషర్ స్థిరంగా ఉంటుంది, మార్చుకోలేం. అమెరికానుంచి తెప్పించుకున్నదైతే ఇంకో చిక్కు. అక్కడి సీజీఏ-320 నట్టు 20.96 మిల్లీమీటర్ల మర ఉన్నది, 21.8 మర ఉన్న సిలిండర్‌కి పట్టదు. బలవంతంగా తిప్పితే ఇత్తడి మర అరిగిపోతుంది. సిలిండర్ చేతికొచ్చాకే దానికి పట్టే రెగ్యులేటర్ కొనండి. బీరు వెనక్కి ఎక్కకుండా నాన్-రిటర్న్ వాల్వ్ ఉందో లేదో కూడా అడగండి.

సిలిండర్ ప్రెషర్ చూపించే గేజ్ ముల్లు చూసి గ్యాసు ఎంతుందో అంచనా వేయొద్దు. లోపల ద్రవం ఉన్నంతకాలం ఆ ముల్లు వేడిని బట్టే కదులుతుంది. బయట 27 డిగ్రీల దగ్గర 67 బార్లు చూపించేది, ఫ్రిజ్‌లో పెడితే 39కి పడిపోతుంది. సగం అయిపోయిందని కంగారుపడతారు, గ్రాము కూడా పోయి ఉండదు. మెడ మీద కొట్టిన ఖాళీ బరువు రాసిపెట్టుకుని సామాన్ల త్రాసుకి తగిలించి తూయండి.

ఇప్పుడు బెంగళూరు సంగతి. ఎంత చల్లదనానికి ఎంత ప్రెషర్ పెట్టాలో చెప్పే పుస్తకాల్లోని కార్బొనేషన్ పట్టికలు సముద్రమట్టానికి వేసినవి. ఈ ఊరు 900 మీటర్ల పైన ఉంది. గేజ్ చూపించేది చుట్టూ ఉన్న గాలి కంటే ఎంత ఎక్కువో అంతే, ఇక్కడ ఆ గాలే పలుచన. అందుకని పట్టికలోని అంకెకి ఒకటిన్నర పీఎస్‌ఐ కలపాలి. 2.5 వాల్యూములకి 4 డిగ్రీల దగ్గర పట్టికలో 12 ఉంటే ఇక్కడ 13.5 పెట్టండి. 8 డిగ్రీల ఫ్రిజ్ అయితే 17. చెన్నైలో ఉన్న బావగారు 12 చెప్పారని అదే పెడితే బీరు చప్పగా వస్తుంది, ఆయన తప్పూ లేదు. ఆ ప్రెషర్‌తో వారం పది రోజులు వదిలేయడమే మంచి పద్ధతి. తొందరైతే 30 పీఎస్‌ఐ మీద ఒక రోజు ఉంచి, తర్వాత గ్యాసు వదిలి మామూలు ప్రెషర్‌కి దించండి.

పైపు దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. కెగ్‌లో 13 పీఎస్‌ఐ ఉన్న బీరు గ్లాసు దగ్గరికి వచ్చేసరికి దాదాపు సున్నాకి దిగాలి. ఆ దిగడం పైపు పొడవునా నెమ్మదిగా జరగాలి. ఒక్కసారిగా దిగితే కరిగిన గ్యాసంతా నురగై లేస్తుంది. లోపలి కొలత 5 మిల్లీమీటర్ల వినైల్ పైపైతే మూడు మీటర్లు, 4 మిల్లీమీటర్ల గట్టి పైపైతే రెండు మీటర్లు పెట్టి చూడండి. చుట్టగా చుట్టి ఫ్రిజ్ లోపలే ఉంచాలి. నెమ్మదిగా వస్తే పది సెంటీమీటర్ల చొప్పున కోసుకుంటూ పోవచ్చు, అందుకే మొదట పొడుగ్గానే తీసుకోండి. నురగ తగ్గించాలని ప్రెషర్ దించడం అందరూ చేసే పొరపాటు. దించితే బీరులోని గ్యాసు పైపులోనే విడిపోతుంది, వారం తిరిగేసరికి గ్లాసులో నురగే నురగ, కింద బీరు మాత్రం చప్పన. ఫ్రిజ్‌లో పైపుకి జాగా లేకపోతే ఫ్లో కంట్రోల్ ఉన్న ట్యాపుని నేరుగా కెగ్ పోస్టుకే (కనెక్టర్ ఎక్కే మూతికే) తగిలించండి. పైపు పని చాలావరకు అదే చేస్తుంది.

నురగ ఎప్పుడొస్తుందో గమనిస్తే కారణం దొరుకుతుంది. మొదటి గ్లాసుకే వచ్చి రెండోది బాగుంటే ట్యాపు వెచ్చగా ఉందన్నమాట. తలుపు బయట ఉన్న ట్యాపుకి ఇది మామూలే, ముందు కొంచెం వదిలి పోసుకోండి. ప్రతి గ్లాసూ అలాగే ఉంటే పైపు పొట్టిదో, గ్యాసు ఎక్కువైందో చూడాలి. కెగ్ దగ్గరి పైపులోనే బుడగలు కనిపిస్తుంటే డిప్ ట్యూబ్ (కెగ్ అడుగుదాకా దిగే గొట్టం) కింది ఓ-రింగు, అంటే రబ్బరు చుట్ట, తెగింది, గ్యాసు అక్కడ బీరులోకి దూరుతోంది. ట్యాపుని సగం తెరిస్తే నురగ తగ్గుతుందని అనిపిస్తుంది గానీ ఆ ఇరుకులోనే బీరు చిలికినట్టయి ఇంకా పెరుగుతుంది. గ్లాసు వాల్చి పట్టుకుని ట్యాపు ఒక్క లాగుడుకి పూర్తిగా తెరవండి. ట్యాపు రకాల్లో సీలు ముందుండేదే తీసుకోండి. సీలు వెనకుండే వాటిలో మిగిలిన బీరు ఎండి, వారం తర్వాత పిడి కదలదు.

కొత్త కెగ్‌కి లీకు పరీక్ష ఖాళీగా ఉన్నప్పుడే చేయాలి. బీరు ఉంటే అది గ్యాసు పీల్చుకుని ముల్లు దిగుతుంది, లీకని పొరపడతారు. మూత సరిగా కూర్చోవాలంటే ఒకసారి 30 పీఎస్‌ఐ ఇవ్వాలి. గ్యాసు ఎక్కించగానే అంచునుంచి బుస్సుమని వచ్చి, మూతని పైకి లాగి పట్టుకుంటే టక్కున ఆగుతుంది. అది కూర్చున్న చప్పుడు. తర్వాత సిలిండర్ వాల్వ్ కట్టేసి రాత్రంతా వదలండి. పొద్దున ముల్లు దిగి ఉంటే సబ్బునీళ్ళు రాసి బుడగలు వెతకండి. ఓ-రింగులకి ఫుడ్ గ్రేడ్ సిలికాన్ గ్రీజే రాయాలి, వ్యాజలిన్ రాస్తే ఈపీడీఎం రబ్బరు ఉబ్బుతుంది. బూడిద రంగు కనెక్టర్ గ్యాసుకి, నల్లది బీరుకి. తారుమారుగా నొక్కితే ఎక్కినట్టే ఎక్కి ఊడి రాదు.

పైపుని రెండు వారాలకోసారి సోడియం పెర్‌కార్బొనేట్ కలిపిన గోరువెచ్చని నీళ్ళతో కడగండి. స్టీలు పాత్రలో క్లోరిన్ బ్లీచ్ పోస్తే సన్నని గుంతలు పడతాయి. ఆసిడ్ శానిటైజర్‌కి బోరు నీళ్ళు వాడితే సున్నం వల్ల తెల్లగా విరుగుతుంది, పనితనం తగ్గుతుంది. ఆర్ఓ నీళ్ళలోనే కలపండి. కెగ్ శానిటైజ్ చేశాక 5 పీఎస్‌ఐ గ్యాసు నింపి పక్కన పెట్టండి. నెల తర్వాత పైనున్న రిలీఫ్ వాల్వ్ రింగు లాగినప్పుడు బుస్సుమంటే లోపల ఇంకా శుభ్రంగానే ఉన్నట్టు. చప్పుడు లేకపోతే మూత తీసి ఓ-రింగులు మార్చి మళ్ళీ మొదట్నుంచీ కడగాలి.