తొమ్మిదో నెంబరు చొక్కా వేసుకునే జూనియర్లకి

మన బడి జట్టులో తొమ్మిదో నెంబరు వేసుకుని అందరికన్నా ముందు ఆడే సెంటర్ ఫార్వర్డ్‌కి ఇచ్చే గడువు మహా అయితే రెండు మ్యాచ్‌లు. గోల్ రాలేదా, వాణ్ని వెనక్కి పంపి, బంతిని ఎవరు గట్టిగా తంతే వాళ్లని ముందు నిలబెట్టేవాళ్లం. డ్రిల్ మాస్టారి దగ్గర్నుంచి గట్టు మీద కూర్చున్న చిన్న తరగతుల పిల్లల దాకా అందరిదీ అదే లెక్క. ఆ లెక్కతో చూస్తే పోర్చుగల్ స్ట్రైకర్ ఎడెర్ ఏ జట్టులోనూ నిలబడకూడదు. అందుకే ఈ సంచికలో అతని గురించి రాయాలనిపించింది.

ఎడెర్ 1987లో గినీ బిస్సావులో పుట్టాడు. చిన్నతనంలోనే పోర్చుగల్ వచ్చి, కొయింబ్రాలో ఒక బాలల వసతి గృహంలో పెరిగాడు. పెద్ద క్లబ్బుల అకాడమీల్లో అతను చదువుకోలేదు. ఆ ఊరి చిన్న క్లబ్బు అదేమియాలో ఆట నేర్చుకుని, ఆ జిల్లాలోనే ఉన్న తొరిజెన్స్‌కి ఆడాడు. తొరిజెన్స్ అప్పట్లో మూడో అంచె జట్టు, అంటే పైనుంచి మూడో స్థాయి లీగులో ఆడేది. కొయింబ్రాలోని పెద్ద క్లబ్బు అకాదెమికా తన కుర్రాళ్లని పదును పెట్టడానికి అక్కడికి పంపేది. 2008లో ఎడెర్‌ని నేరుగా మొదటి డివిజన్‌లోకి తీసుకున్నది కూడా అకాదెమికాయే.

పోర్చుగల్‌లో పై రెండు అంచెలే ప్రొఫెషనల్. 2021 నుంచి మూడో అంచె పేరు లీగా 3, నాలుగోది కాంపియొనాతో ద పొర్తుగాల్. వాటి కింద 22 జిల్లా, ద్వీప సంఘాల లీగులు. అడుగున ఆడేవాళ్లలో చాలామంది పగలు వేరే పని చేసుకుని సాయంత్రం ప్రాక్టీసుకి వస్తారు. తర్వాత ఇంగ్లండ్ క్లబ్బు ఎవర్టన్ దాకా వెళ్లిన స్ట్రైకర్ బెతో, లిస్బన్ జిల్లా లీగులో ఆడే రోజుల్లో కేఎఫ్‌సీలో పనిచేశాడు. అక్కడి నుంచి నాలుగేళ్లలోపే ఇటలీ మొదటి డివిజన్‌లో ఉన్నాడు. ఇలాంటివాళ్లు పైవాళ్ల కంట పడే ఇంకో దారి పోర్చుగల్ కప్పు. మూడో రౌండ్‌లో మొదటి డివిజన్ జట్లు కింది జట్ల మైదానాలకి వెళ్లి ఆడాలి. 2019లో మూడో అంచెలో ఉన్న అల్వెర్కా, లిస్బన్ పెద్ద క్లబ్బు స్పోర్టింగ్‌ని 2-0తో ఇంటికి పంపింది అలాగే.

కుర్రాళ్లు ఇలా పైకి వెళ్తే వాళ్లని పెంచిన చిన్న క్లబ్బుకి డబ్బు కూడా వస్తుంది. ఆటగాణ్ని ఒక దేశం క్లబ్బు నుంచి ఇంకో దేశం క్లబ్బు కొంటే, ఆ ధరలో 5 శాతం అతన్ని 12 నుంచి 23 ఏళ్ల దాకా తీర్చిదిద్దిన క్లబ్బులకి పంచాలని ఫిఫా నియమం. ధర 50 లక్షల యూరోలనుకుంటే, 12-15 ఏళ్ల మధ్య ఒక్కో సీజన్‌కి 12,500, ఆ తర్వాత ఒక్కో సీజన్‌కి 25,000 యూరోలు. అయితే ఆ సీజన్‌లో కుర్రాడి పేరు తమ దగ్గరే నమోదై ఉందని రుజువు ఉండాలి. కాగితాలు సరిగ్గా దాచుకోని క్లబ్బులు ఇక్కడే నష్టపోతాయి.

ఎడెర్ లెక్కలు చూడండి. జాతీయ జట్టులోకి 2012లో వచ్చాడు, తొలి గోల్ మాత్రం 2015 జూన్‌లో, ఇటలీ మీద. ఆ ఏడాదే ఇంగ్లండ్ లీగులో ఆడే స్వాన్సీకి వెళ్లి అక్కడ ఒక్క గోల్ కూడా కొట్టలేదు. 2016 యూరో కప్పు ఫైనల్‌లో ఫ్రాన్స్ మీద 79వ నిమిషంలో రెనాతో సాంచెస్ స్థానంలో అతన్ని దించినప్పుడు పోర్చుగల్‌లోనే పెదవి విరిచినవాళ్లు తక్కువేం కాదు. రొనాల్డో 25వ నిమిషంలోనే గాయంతో బయటికి వెళ్లిపోయాడు. కోచ్ ఫెర్నాందో సాంతోష్‌కి కావలసింది పైనుంచి వచ్చే పొడవాటి బంతిని దింపి, కాసేపు కాపాడి, అలసిన సహచరులు పైకి వచ్చేదాకా ఆపగలిగే మనిషి. మూడో అంచె మైదానాల్లో స్ట్రైకర్‌కి రోజూ ఉండే పని అదే. 109వ నిమిషంలో మౌతిన్యో ఇచ్చిన బంతిని అందుకుని, మీద పడుతున్న ఫ్రాన్స్ డిఫెండర్ కోషెల్నీని భుజంతో అడ్డుకుంటూ లోపలికి మళ్లి, దాదాపు 25 గజాల నుంచి కుడికాలితో నేలబారుగా కొట్టాడు. గోల్‌కీపర్ లోరిస్ అందుకోలేకపోయాడు. 1-0. రెండేళ్ల తర్వాత, 2018 మేలో, లోకోమోటివ్ మాస్కోకి రష్యా లీగు ఖాయం చేసిన గోల్ కూడా అతనిదే, 87వ నిమిషంలో.

ఫ్రాన్స్ మీద కొట్టిన ఆ గోల్‌ని జూనియర్లు వీడియోలో చూస్తే షాట్ కన్నా ముందు జరిగినదాన్ని పట్టి పట్టి చూడండి. డిఫెండర్‌కి వీపు పూర్తిగా అప్పగించకూడదు, పక్కకి తిరిగి నిలబడాలి. పూర్తిగా వీపు పెడితే వాడు కాళ్ల మధ్య నుంచి బంతిని పొడిచేస్తాడు. మోకాళ్లు వంచి నడుము దించాలి. ముంజేయి వాడి ఛాతీకి ఆనించి వాడెక్కడున్నాడో తెలుసుకోవాలి, తోస్తే ఫౌల్. బరువంతా వాడి మీదే వేస్తే వాడు ఒక్క అడుగు వెనక్కి వేసినా మనం వెల్లకిలా పడతాం. బంతిని డిఫెండర్‌కి దూరంగా ఉన్న కాలితోనే ఆపాలి. షాట్‌కి తన్నని కాలు బంతి పక్కనే ఉండాలి, ఛాతీ బంతి మీదికి వంగాలి. వెనక్కి వాలితే బంతి క్రాస్‌బార్ మీదుగా పోతుంది. ఇద్దరు చాలు దీనికి: ఒకడు పది గజాల నుంచి బంతి ఇస్తాడు, ఇంకొకడు వెనక నుంచి ఒత్తిడి పెడతాడు. మొదట నడక వేగంతో మొదలుపెట్టి, బంతి రెండు సెకన్లు నిలిచాకే వేగం పెంచండి.