మా టవర్‌కు మీటర్లు కోస్తవేందన్నా?

"దుబాయ్‌ల ఉంటే మాత్రం మా టవర్‌కు మీటర్లు కోస్తవేందన్నా?"

మొన్న సెలవుకి వచ్చినప్పుడు హైదరాబాద్ కోకాపేటలో, ఔటర్ సర్వీస్ రోడ్డు పక్కన ఒక కుర్రాడు నన్ను నిలదీసిన మాట ఇది. ఆదివారం తెల్లారగానే అక్కడికి జూమ్ లెన్సులతో వచ్చే బ్యాచ్ ఒకటుంది. ఆ వారం ఎన్ని స్లాబులు పడ్డాయో లెక్కబెట్టుకుంటారు, పక్క టవర్‌తో పోల్చి వాదించుకుంటారు, చాయ్ తాగి ఇళ్లకు పోతారు. టవర్ పేరెందుకు లెండి. బ్రోచర్‌లో 198 మీటర్లని ఉందని అతనన్నాడు. నీళ్ల ట్యాంకు, దానిమీది కడ్డీ తీసేస్తే 184 అని నేనన్నాను. సర్వేయర్‌ని కదా, నోరు ఆగలేదు. పద్నాలుగు మీటర్లంటే అతని లెక్కలో నాలుగు అంతస్తులు ఎవడో ఎత్తుకుపోయినట్టే.

విమానం ఎక్కాక కూడా ఆ మాట వదల్లేదు. ఎందుకంటే దుబాయ్‌లో ఇలాంటి కొలత మీద నేనెప్పుడూ నోరెత్తలేదు. బుర్జ్ ఖలీఫా 828 మీటర్లంటే ఊళ్లో అందరిలాగే నేనూ తలూపాను. అందులో మనుషులు వాడే చివరి అంతస్తు 585 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. ఆ పైన ఉన్నదంతా 240 మీటర్ల పైచిలుకు నిర్మాణం, చాలావరకు ఉక్కు. ఆ ఖాళీ భాగాన్నొక్కటే తెచ్చి కోకాపేటలో నిలబెడితే చుట్టూ ఉన్న టవర్లకు తీసిపోదు. సముద్రంలోకి తెరచాపలా కనిపించే బుర్జ్ అల్ అరబ్ ఇంకా నయం కాదు. 321 మీటర్లలో ఐదింట రెండు వంతులు అలంకారమే. అక్కడ అన్ని మీటర్లు చూసీచూడనట్టు వదిలేసినవాణ్ణి, సొంతూరికొచ్చి నీళ్ల ట్యాంకు దగ్గర ఎందుకు పట్టుబట్టినట్టు?

నా తరఫున చెప్పుకోవాల్సింది కొంత ఉంది.

ఎత్తెంత అని అడిగేముందు ఎక్కణ్నుంచి, ఎక్కడిదాకా అని అడగాలి. ప్రపంచంలో ఈ తగవులు తీర్చే పెద్దమనిషి కౌన్సిల్ ఆన్ టాల్ బిల్డింగ్స్ అండ్ అర్బన్ హాబిటాట్ అనే సంస్థ, 2025లో పేరు కౌన్సిల్ ఆన్ వర్టికల్ అర్బనిజం అని మార్చుకుంది. 1969 నుంచి ఉంది. వాళ్ల లెక్కలో కింద మొదలయ్యేది సెల్లార్ నుంచి కాదు, పోడియం, అంటే టవర్ కింద వెడల్పుగా కట్టే అంతస్తుల మీద నుంచీ కాదు. మనిషి బయటి నుంచి నడిచి లోపలికి వచ్చే ముఖ్యమైన ద్వారాల్లో అన్నిటికన్నా కిందున్న దాని మట్టం నుంచి. ఏటవాలు ప్లాటులో ఇది చిన్న విషయం కాదు, కింది రోడ్డు వైపు ఒక పెద్ద గేటు పెడితే ఒక అంతస్తు ఎత్తు కలిసొస్తుంది. పైన మాత్రం మూడు కొలతలు. మనుషులు వాడే చివరి అంతస్తు నేల ఒకటి. డిజైన్‌లో భాగమైన శిఖరం కొస రెండోది, మామూలుగా 'ఎత్తు' అంటే ఇదే. యాంటెనా, జెండా కర్ర అన్నీ కలిపిన చిట్టచివరి కొస మూడోది.

ఆ టవర్‌నే ఈ లెక్కలో పెడదాం. గ్రౌండ్ లాబీ 6 మీటర్లు, పైన క్లబ్ ఫ్లోర్ 4.5, ఆపైన మామూలు ఫ్లోర్లు 55, ఒక్కోటి 3.15. టెర్రస్ స్లాబ్ 183.75 దగ్గర పడుతుంది. చివరి ఫ్లాట్ నేల 180.6. టెర్రస్ మీద మెట్ల గది, లిఫ్ట్ గది, ట్యాంకు కలిపి 9 మీటర్లు, దానిమీద 5 మీటర్ల లైట్నింగ్ అరెస్టర్, అదే పిడుగు కోసం పెట్టే ఇనుప కడ్డీ. అంటే 181, 184, 193, 198. నాలుగూ నిజమే. బ్రోచర్ వాళ్లు నాలుగోది పట్టుకున్నారు, అంతే తేడా. ట్యాంకు చుట్టూ గోడ లేపి కిరీటంలా డిజైన్ చేసి ఉంటే 193కి నేనే సంతకం పెట్టేవాణ్ణి. ఇనుప కడ్డీకి మాత్రం పెట్టను.

ఈ కడ్డీ తగాదా మనతో మొదలు కాలేదు. 1996లో కౌలాలంపూర్ పెట్రోనాస్ టవర్లు 452 మీటర్లతో షికాగో సియర్స్ టవర్‌ను దాటేశాయి. సియర్స్ పైకప్పే 442, యాంటెనాలు కలిపితే 520 దాటుతుంది. అయినా పెట్రోనాస్ శిఖరాలు డిజైన్‌లో భాగం, సియర్స్‌వి తగిలించిన పరికరాలు అని తీర్పు. షికాగో వాళ్లు ఇప్పటికీ దాన్ని మింగలేదు. 2013లో మళ్లీ వాళ్లకే దెబ్బ. న్యూయార్క్ వన్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ పైకప్పు 417 మీటర్లే. పైనున్న స్తంభం శిఖరమా, యాంటెనానా అని కమిటీ కూర్చుని, శిఖరమే అని తేల్చి 541 ఖాయం చేసింది. అందుకే దుబాయ్‌లో నేను నోరెత్తలేదు. బుర్జ్ మొన డిజైన్‌లో పుట్టింది, రూలు ఒప్పుకుంటుంది. రూలు ఒప్పుకుంటే న్యాయమైపోతుందా అంటే, అక్కడే నా సమర్థన కాస్త కుంటుతుంది.

హైదరాబాద్‌లో ఇంకో చిక్కుంది. మన ఆఫీసుల మధ్యే ఒప్పందం లేదు. బిల్డింగ్ పర్మిషన్ లెక్కకి మెట్ల గది, లిఫ్ట్ గది, ట్యాంకు సాధారణంగా రావు. ఎత్తుకి అభ్యంతరం లేదని ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఇచ్చే ఎన్‌ఓసీ దగ్గర వీటిలో ఒక్కటీ వదలరు. అరెస్టర్, యాంటెనా, ట్యాంకు, ఏది తగిలించినా అనుమతించిన మట్టం దాటకూడదని కాగితంలోనే రాస్తారు. కడుతున్నప్పుడు టవర్ క్రేన్ కొస కూడా ఆ హద్దులోనే ఉండాలి, లేదంటే దానికి వేరే అనుమతి. ఆ కాగితంలో అంకె సముద్ర మట్టం నుంచి ఉంటుంది. ఉదాహరణకి 765 అని ఉందనుకోండి, విడిగా చూస్తే బుర్జ్‌కి తమ్ముడొస్తున్నాడనిపిస్తుంది. ప్లాటు మట్టం 565 తీసేస్తే చేతికొచ్చేది 200. ఎన్‌ఓసీ కాపీ దొరకగానే వేడుక చేసుకునేవాళ్లు ముందు ఈ తీసివేత చేయాలి.

మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. సముద్ర మట్టం నుంచే పోటీ పెడితే మన నేల సగటున 540 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ సగటు మట్టంలో నేలమీద నిలబడ్డవాడు బుర్జ్ చివరి అంతస్తులో ఉన్నవాడికి నలభై, యాభై మీటర్లే కింద. దుబాయ్ రూమ్‌లో ఈ మాట అన్నప్పుడల్లా కేరళ వాళ్లు నవ్వుతారు. నవ్వనీ.

ఇక రోడ్డు మీద నిలబడి కొలిచే పద్ధతి. బ్యాచ్‌లో ఎక్కువమంది ఫోన్‌లో కోణం చూసే యాప్ వాడతారు. 300 మీటర్ల దూరం, 31 డిగ్రీల కోణం, ట్యాన్ 0.6, కాబట్టి 180, కంటి ఎత్తు 1.5 కలిపి 182. లెక్కలో తప్పు లేదు. కానీ ఒక్క డిగ్రీ పొరబడితే ఏడు మీటర్లు తేడా. చేత్తో పట్టుకున్న ఫోన్ ఒక డిగ్రీ తప్పడం ఎంతసేపు? పైగా సర్వీస్ రోడ్డు, ప్లాటు ఒకే మట్టంలో ఉండవు, ఆ తేడా ఎవరూ కలపరు. మరీ దగ్గరగా నిలబడితే అంచు గోడే కనిపిస్తుంది, దాని వెనక ట్యాంకు దాక్కుంటుంది.

ఇంకో పద్ధతి అంతస్తుల గుణకారం. "ఫ్లోర్‌కి 3 మీటర్లు వేస్కో" అనేవాళ్ల దగ్గరే మోసం. అసలు 3.15 అయితే, 15 సెంటీమీటర్లు 55 సార్లు కలిసి ఎనిమిది మీటర్లు దాటుతుంది. ఆఫీసు టవర్ అయితే ఫ్లోర్ 4 మీటర్లు, ఆపైన కూడా ఉంటుంది. ఆఫీసు టవర్‌నీ ఇళ్ల టవర్‌నీ అంతస్తుల సంఖ్యతో పోల్చడం మామిడికాయల్ని గుమ్మడికాయల్నీ కాయల లెక్కన అమ్మినట్టుంటుంది.

నమ్మకమైన కొలబద్ద బిల్డింగ్ మీదే వేలాడుతూ ఉంటుంది. కూలీలను, సామాన్లను పైకి తీసుకెళ్లే హాయిస్ట్. అది ఎక్కే నిలువు స్తంభం, అంటే మాస్ట్, ముక్కలుగా వస్తుంది. సైట్లలో మామూలుగా కనిపించే, పళ్ల చక్రంతో పైకెక్కే ర్యాక్ అండ్ పినియన్ హాయిస్ట్‌లో ఒక్కో ముక్క 1.508 మీటర్లు. ముక్కల మధ్య అతుకులు జూమ్‌లో స్పష్టంగా తెలుస్తాయి. ఒక ఫ్లోర్ గేటు దగ్గర మొదలుపెట్టి నలభై ఫ్లోర్లు పైనున్న గేటు దాకా ముక్కలు లెక్కబెట్టి, 1.508తో గుణించి, నలభైతో భాగిస్తే ఫ్లోర్ ఎత్తు తేలుతుంది. పది ఫ్లోర్లతో సరిపెడితే అర ముక్క పొరపాటే ఫ్లోర్‌కి ఏడెనిమిది సెంటీమీటర్లు లాగేస్తుంది, అందుకే ఎక్కువ ఫ్లోర్లు తీసుకోమంటున్నా. క్రేన్ మాస్ట్‌ను నమ్మకండి. కంపెనీని బట్టి ముక్క పొడవు మారుతుంది.

స్లాబులు లెక్కబెట్టడంలో దుబాయ్ కళ్లు హైదరాబాద్‌లో పనికిరావు, ఇక్కడి కళ్లు అక్కడ పనికిరావు. దుబాయ్‌లో లిఫ్టులుండే కోర్ గోడను జంప్‌ఫామ్‌తో, అంటే అంతస్తు అంతస్తుకీ పైకి జరిపే అచ్చుతో, ముందు లేపుకుంటూ పోతారు, స్లాబులు వెనకాల నాలుగైదు అంతస్తులు తక్కువలో వస్తుంటాయి. కొత్తవాళ్లు కోర్ కొసను చూసి అంతస్తులు ఎక్కువ చెప్పేస్తారు. మన ఇళ్ల టవర్లలో ఎక్కువగా మైవాన్ షట్టరింగ్, అంటే అల్యూమినియం పలకల అచ్చు. గోడలు, స్లాబ్ ఒకేసారి పోస్తారు. అల్యూమినియం పలకల్ని స్లాబ్‌లో వదిలిన సందుల్లోంచి చేతులతోనే పై ఫ్లోర్‌కి అందిస్తారు, ఆ పనికి క్రేన్ అక్కర్లేదు. కొత్త సెట్టు మీద మొదటి స్లాబులకి రెండు మూడు వారాలు పడుతుంది, చేయి తిరిగాక వారం, పది రోజులు. పై రెండు మూడు ఫ్లోర్లలో స్లాబ్‌ను కింద నుంచి మోసే జాకీలు ఇంకా నిలబడి ఉంటాయి. జాకీలు కనిపించే చివరి ఫ్లోర్ మీదున్నదే తాజా స్లాబ్, ఆ పైన కనిపించే పలకల్ని లెక్కలోకి తీసుకోవద్దు.

"ఏడాదైంది, భూమిలోంచి బయటికే రాలే" అన్నది ఆ బ్యాచ్ ఇంకో గోడు. ఇక్కడ మాత్రం నేను హైదరాబాద్ వైపే. బుర్జ్ కింద ఒకటిన్నర మీటర్ల వ్యాసం పైల్స్, అంటే నేలలోకి దించిన కాంక్రీటు స్తంభాలు, 192 ఉన్నాయి. నలభై మీటర్లకు పైగా లోతు, వాటి మీద 3.7 మీటర్ల మందం కాంక్రీటు దిమ్మె, రాఫ్ట్ అంటారు. ఆ నేలలో అంత తిప్పలు తప్పవు. మనది 250 కోట్ల ఏళ్ల బండ. టవర్ బరువు మోయడానికి చాలా చోట్ల పైల్ అక్కర్లేదు, బండ మీదే కూర్చోబెట్టొచ్చు. కానీ నాలుగైదు సెల్లార్లు కావాలంటే అదే బండను తొలచాలి. డ్రిల్లు వేసి, మందు పెట్టి, రాళ్లు ఎగరకుండా మీద మ్యాట్లు కప్పి, కొద్దికొద్దిగా పేల్చాలి. పక్కన ఇళ్లుంటే పేల్చడం మానేసి బ్రేకర్లతో గీరాలి. నెలలు అక్కడే పోతాయి. జెడ్డాలో కిలోమీటరు టవర్ 2013లో మొదలై 2018లో ఆగిపోయి, మళ్లీ 2025 జనవరిలో కదిలింది. అక్కడి అభిమానులు ఏడేళ్లు ఒకే ఫోటో చూశారు. మనవాళ్లకి ఒక వర్షాకాలం ఓపిక ఉండదు.

పని మందగించడానికి కారణాలు కూడా ఊరిని బట్టి మారతాయి. దుబాయ్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని నిషేధం. కాంక్రీటు రాత్రిపూట, ఐసు కలిపిన నీళ్లతో. కోకాపేటలో స్లాబు వారం ఆలస్యమైతే కుర్రాళ్లు బిల్డర్ దివాలా అంటారు. క్యాలెండర్ చూడండి, ఛఠ్ పూజో హోలీయో ఉంటుంది. సెంట్రింగ్ పనివాళ్లు బీహార్, ఒడిశా, బెంగాల్ రైళ్లెక్కి ఉంటారు. ఈద్ సెలవుల్లో మేం టికెట్ల కోసం పడే పాట్లే వాళ్లవీ. మన టవర్లు లేపుతున్నది ఇంకొకరి ఊరి దుబాయ్ బ్యాచ్.

ఎంత ఎత్తుకి పోవచ్చన్న వాదనలో రెండు విషయాలు తరచూ మరిచిపోతారు. 2006లో జీవో 86తో హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే ప్లాటుకి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న హద్దు, పోయింది. కానీ ఎత్తు పెరిగేకొద్దీ చుట్టూ వదలాల్సిన జాగా, ముందుండాల్సిన రోడ్డు వెడల్పు పెరుగుతాయి, చిన్న ప్లాటు అక్కడే ఓడిపోతుంది. రెండోది, ఎత్తైన కాంక్రీటు భవనాలకి మన ఐఎస్ 16700 కోడ్ 50 నుంచి 250 మీటర్ల వరకే. అది దాటితే నిపుణుల ప్రత్యేక సమీక్షకి పోవాలి.

హాయిస్ట్ సంగతి ఆ కుర్రాడికి అప్పుడే చెప్పి వచ్చాను. రెండు వారాలకి ఫోటో పంపాడు. ఒక్కో అతుకు మీద ఎర్ర చుక్క పెట్టి, నలభై ఫ్లోర్లకి 84 ముక్కలు లెక్కతేల్చాడు. 126.67 మీటర్లు, ఫ్లోర్‌కి 3.167. నేను అలవాటుగా వేసిన 3.15 తప్పన్నమాట. 55 ఫ్లోర్లకి కొత్త లెక్క వేస్తే టెర్రస్ 184.67 దగ్గర తేలింది. అర ముక్క పొరపాటు ఉందనుకున్నా తేడా మీటరు అటూఇటుగానే.

"185 రాసుకో తమ్మీ" అని జవాబిచ్చాను.

"మరి అరెస్టర్ అన్నా?" అని వెంటనే అడిగాడు.

అది మాత్రం ఇవ్వలేదు.