పర్తమ కొండకు అరలీటరు నీళ్ళతో

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పుట్టినవాళ్ళకి క్రియాటినిన్ అంటే, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష అంటే, ఏంటో ఎవరూ చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం పక్క పల్లెల్లో కిడ్నీ జబ్బు తగలని కుటుంబాలు తక్కువ. కారణం ఇదీ అని డాక్టర్లు ఇప్పటికీ గట్టిగా తేల్చలేదు. మా తమ్ముడు వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్ మిషన్ పక్కన పడుకుంటాడు. నేను ఒడిశాలోని బరంపురం కోడల్ని. అందుకే ఒడిశాలోనే ఉన్న పర్తమ కొండ మీద మరియమాత పండుగకి వెళ్ళాలని మరదలికి అనిపించినప్పుడు ముందు నాకే ఫోన్ చేసింది.

"వదినా, ఆయనకి మర్నాడు పొద్దున్న ఆరింటికి మిషన్. రాత్రికి ఇంట్లో ఉండాలి, కుదురుతుందా?"

జీపు మాట్లాడి చీకటితోనే బయల్దేరాం. దిగపహండి దాటి, తప్తపాణి ఘాట్ ఎక్కి, గజపతి జిల్లా మీదుగా కంధమాల్ జిల్లాలోకి. వేడినీళ్ళ బుగ్గ దగ్గర ఆగుదామని డ్రైవర్ అన్నాడు గానీ మేం ఆగలేదు.

1994 మార్చి 5న కట్టెల కోసం ఈ కొండెక్కిన ఒక హిందూ వితంతువుకి మరియమాత కనిపించిందని ఇక్కడి నమ్మకం. ఏటా అదే తేదీకి పండుగ. అది దాదాపు ఎప్పుడూ తపస్సు కాలంలోనే, అంటే ఈస్టర్ ముందు ఉపవాస రోజుల్లోనే వస్తుంది కాబట్టి చాలామంది ఒంటిపూట తిని, చెప్పుల్లేకుండా ఎక్కుతారు. ఒడియా, కుయి, సవర మాటలు, మధ్యలో మా తెలుగు. భాష ఏదైనా చేతుల్లో జపమాల ఒకటే.

మరదలి చేతిలో జపమాలతో పాటు ఒక అరలీటరు బాటిల్ కూడా ఉంది. దాని మీద మార్కర్ పెన్నుతో గీతలు. కిడ్నీలు నీళ్ళని బయటికి పంపలేవు కాబట్టి, తమ్ముడు రోజంతా ఎంతకి మించి నీళ్ళు తాగకూడదో ఇంట్లో ఇలాంటి గీతలతోనే కొలుస్తుందట. పప్పుచారు, మజ్జిగ కూడా ఆ లెక్కలోకే వస్తాయి. కొండ సగం ఎక్కేసరికి ఎండ మాడ్చేస్తోంది. నేను నా బాటిల్ ఎత్తి గటగటా తాగేశాను. తను మాత్రం మూతెడు పోసుకుని, నాలుక తడుపుకుని, గీత చూసుకుని మూత పెట్టేసింది. "తాగవే, నీకేం జబ్బు?" అన్నాను. "ఆయన రోజూ ఎలా ఉంటున్నారో ఒక్కపూటైనా తెలియాలి కదా వదినా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. కళ్ళు తిరిగి పడిపోతే మోసుకెళ్ళేది నేనే అని మాత్రం గట్టిగానే చెప్పాను.

ఒక చెట్టు నీడలో కంధమాల్ లోనే మరో ఊరి నుంచి వచ్చినావిడ మా పక్కన కూర్చుంది. 2008 ఆగస్టులో క్రైస్తవుల మీద జరిగిన గొడవల్లో వాళ్ళ ఇల్లు తగలబెట్టారట. కొన్నాళ్ళు క్యాంపు, తర్వాత చుట్టాలిల్లు, ఇప్పుడు వేరే ఊళ్ళో రేకుల షెడ్డు. సొంత ఊరికి మళ్ళీ వెళ్ళలేదు. కోపం రాదా అని ఒడియాలో అడిగాను. "ఎందుకు రాదు? వచ్చిన రోజు రెండు జపమాలలు చెప్తాను" అని నవ్వింది. ఒక దాంట్లోనే యాభై మూడు మంగళవార్తలు, అంటే మరియమాత ప్రార్థనలు. రెండు చెప్పేసరికి కోపం పోతుందో లేదో గానీ అన్నం వేళ అవుతుంది.

పూజ అయ్యాక జనంలో ఒకాయన సాక్ష్యం మొదలుపెట్టాడు. మొక్కుకున్న వారానికే రిపోర్టులు నార్మల్ వచ్చాయట. ఇలాంటివి వింటే నాకు భయం. ఇవి విని మందులు మానేసినవాళ్ళని మా వైపు చూశాను. బైబిల్లో పౌలంతటివాడు తన ఒంట్లోని ముల్లులాంటి బాధని తీసెయ్యమని మూడుసార్లు బతిమాలాడు. దేవుడు తియ్యలేదు, నా కృప నీకు చాలు అన్నాడు. ఆ ముల్లుతోనే ఆయన ఊళ్ళు తిరిగాడు, ఉత్తరాలు రాశాడు. ఆ భాగం వేదిక మీద ఎవరూ చెప్పరెందుకో. మరదలు కూడా బాగైపోవాలని అడగలేదని నాకు తర్వాత తెలిసింది.

దిగుతుంటే మోకాళ్ళు పట్టేశాయి. ఘాట్‌లో లారీ ఒకటి అడ్డంగా నిలిచిపోయి ట్రాఫిక్ ఆగింది. మరదలికి టెన్షన్, గడియారం వంక చూడటమే పని. నేను డ్రైవర్ మీద కసురుకున్నాను, పాపం అతనేం చేస్తాడు! అప్పుడే తమ్ముడి ఫోన్.

"అక్కా, ఏం అడిగారు నా గురించి?"

ఫోన్ మరదలికిచ్చాను. "పొద్దున్న అలారం మోగితే మీరు గొణక్కుండా లేవాలని అడిగాను. సాయంత్రం నీళ్ళు ఎన్ని గీతలు తాగారు? నిజం చెప్పండి."

అటునుంచి కాసేపు మాట లేదు. "మూడున్నర" అన్నాడు చివరికి.

"నాలుగున్నర అయ్యుంటుంది" అంది నాతో, ఫోన్ పెట్టేసి.