మడమ పైన నొప్పి: బరువులెత్తుతూ మళ్లీ పరుగులోకి

ఈ ఆదివారం నెక్లెస్ రోడ్డు మీద ఆగకుండా 8 కిలోమీటర్లు పరుగెత్తాను. సోమవారం పొద్దున మంచం దిగితే కుడి మడమ పైన కాస్త బిగువు, అంతే. నోట్‌బుక్‌లో నొప్పికి 10కి 1 వేసుకున్నాను. చలికాలం చివర్లో ఇదే కాలితో బాత్‌రూమ్ దాకా కుంటుకుంటూ వెళ్లేవాణ్ని. ఈ నాలుగు నెలల్లో ఏం చేశానో, ఎంత బరువుతో చేశానో, అలాగే ఎందుకు చేశానో రాస్తున్నాను. ఇదే నొప్పితో పరుగు మానేసి కూర్చున్నవాళ్లు మన రన్నింగ్ గ్రూపుల్లో చాలామంది ఉన్నారు. వాళ్లకు పనికొస్తుందని నా ఆశ.

ముందు నొప్పి ఎక్కడుందో సరిగ్గా చూసుకోవాలి. పిక్క కండరాలు కిందికి వచ్చి అకిలిస్ టెండన్ అనే గట్టి తాడుగా మారి మడమ ఎముకకు అతుక్కుంటాయి. బొటనవేలు, చూపుడువేలు మధ్య ఆ టెండన్‌ను పట్టుకుని మడమ నుంచి పైకి నొక్కుకుంటూ వెళ్లాను. అతుక్కున్న చోట ఏమీ లేదు. నాలుగు సెంటీమీటర్లు పైకి వెళ్లేసరికి ప్రాణం విలవిల్లాడింది. అక్కడ రెండో కాలికంటే లావుగా, చిన్న ఉండలా తగిలింది. మడమకు 2 నుంచి 6 సెంటీమీటర్ల పైన వచ్చేది ఒక రకం, ఎముకకు అతుక్కునే చోటే వచ్చేది ఇంకో రకం. వ్యాయామం చేసే తీరు రెండింటికీ ఒకటి కాదు కాబట్టి ఈ తేడా తెలియాలి. రెండో రకం ఉన్నవాళ్లు మెట్టు అంచున నిలబడి మడమను కిందికి దించకూడదు, నేల మట్టానికి ఆపేయాలి. చీలమండ బాగా వంగినప్పుడు టెండన్ ఎముకకు ఒత్తుకుని నొప్పి ఎక్కువవుతుంది. గొంతుకూర్చుని పనిచేసే అలవాటున్న మనవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

ఇంకో జాగ్రత్త. పరుగులో ఉండగా 'టప్'మని తెగినట్టు అనిపించి, ఆ కాలిమీద మడమ లేపలేకపోతే ఇవేవీ చేయకూడదు, అదే రోజు డాక్టరును చూడాలి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ టెండన్లను దెబ్బతీయగలవని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే ప్యాకెట్ మీద గట్టి హెచ్చరిక వేయించింది. ఈ మధ్య అలాంటివి వాడి ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

గ్రూపులో అందరి సలహా ఒకటే: "అన్నా, రెండు నెలలు కాలు కదపకు, అదే తగ్గిపోతుంది." కదపకపోతే నొప్పి తగ్గే మాట నిజమే. కానీ ఆ రెండు నెలల్లో టెండన్ ఓర్చుకోగల బరువు కూడా తగ్గిపోతుంది. మళ్లీ రోడ్డెక్కగానే నొప్పి తిరిగొస్తుంది. మా ఫిజియోను "పరుగు మొత్తం ఆపేయాలా మేడం?" అని అడిగితే, "ఆపక్కర్లేదండీ. ఎంత నొప్పి దాకా పర్వాలేదో తెలిస్తే చాలు" అన్నారు. ఈ నాలుగు నెలలూ నేను నడుచుకున్నది ఆ మాట మీదే.

దాని వెనక 2007లో స్వీడన్‌లో సిల్బర్నాగెల్ బృందం చేసిన పరిశోధన ఉంది. ఒక గుంపు వ్యాయామం చేస్తూనే పరుగు, గెంతులు కొనసాగించింది. ఇంకో గుంపు అదే వ్యాయామం చేస్తూ మొదటి 6 వారాలు పరుగు ఆపింది. ఏడాది తర్వాత చూస్తే రెండు గుంపులూ బాగుపడ్డాయి, పరుగు ఆపనివాళ్లకు అదనంగా నష్టమేమీ జరగలేదు. వాళ్లకు పెట్టిన హద్దు ఇది: చేసేటప్పుడు నొప్పి 10కి 5 దాటకూడదు, మర్నాడు పొద్దునా 5 దాటకూడదు, వారం వారానికీ బిగుసుకుపోవడం పెరగకూడదు. నేను నా కోసం 5ని 3కు కుదించుకున్నాను. పరుగెత్తేటప్పుడు ఒళ్లు వేడెక్కి నొప్పి మాయమవుతుంది, దాన్ని నమ్మలేం. మర్నాడు పొద్దున మొదటి పది అడుగులే అసలు సాక్ష్యం. అందుకే నోట్‌బుక్‌లో రోజూ ఆ అంకె ఒక్కటే రాస్తాను.

వ్యాయామం ఏది ఎంచుకోవాలన్నది కొంచెం ఆలోచించాల్సి వచ్చింది. ఈ నొప్పికి వ్యాయామమే మందు అని ప్రపంచానికి చూపించింది స్వీడన్‌లోని ఉమియో నగరపు ఆర్థోపెడిక్ సర్జన్ హాకన్ ఆల్ఫ్రెడ్‌సన్. 1998లో సరదాకు పరుగెత్తే 15 మంది చేత మెట్టు అంచున నిలబెట్టి మడమను మెల్లగా కిందికి దించే వ్యాయామం చేయించారు. మోకాలు తిన్నగా పెట్టి 15 చొప్పున మూడుసార్లు, వంచి మూడుసార్లు, రోజుకు రెండు పూటలా. అంటే రోజుకు 180. పన్నెండు వారాల తర్వాత 15 మందీ పాత స్థాయి పరుగుకు తిరిగొచ్చారు. మంచి పద్ధతే, కానీ ఉద్యోగం చేసుకునేవాడికి రోజూ 180 కష్టం. 2015లో డెన్మార్క్‌లో బెయర్ బృందం దీన్ని ఇంకో పద్ధతితో పోల్చింది. వారానికి మూడుసార్లే, పెద్ద బరువులతో, చాలా నిదానంగా. ఫలితం ఇంచుమించు సమానంగానే వచ్చింది. సమయం మాత్రం మొదటిదానికి వారానికి 308 నిమిషాలు, రెండోదానికి 107. ఇక ఆలోచించలేదు, రెండోదే పట్టుకున్నాను.

జిమ్‌లో నేను చేసేవి మూడు. కూర్చుని మోకాళ్ల మీద బరువు పెట్టుకునే మెషీన్‌లో మడమలు లేపడం, లెగ్ ప్రెస్‌లో కాళ్లు చాపి మునివేళ్లతో నెట్టడం, ఇనుప ప్లేట్ మీద మునివేళ్లతో నిలబడి భుజాన బార్ పెట్టుకుని లేవడం. లేవడానికి 3 సెకన్లు, దిగడానికి 3 సెకన్లు. ఫోన్‌లో మెట్రోనోమ్ (టిక్ టిక్‌మని లయ కొట్టే యాప్) పెట్టుకుంటే తప్ప ఈ లెక్క నిలవదు, ఎంత ఓపికున్నవాడైనా ఆఖరి నాలుగింటికి తొందరపడతాడు. సెట్‌కీ సెట్‌కీ మధ్య రెండు మూడు నిమిషాలు విరామం. మొదటి వారం 15 సార్లకు మించి లేపలేనంత బరువు, తర్వాత 12, 10, 8, చివరికి 6. సంఖ్య తగ్గుతున్నకొద్దీ బరువు పెరుగుతుంది. కూర్చునే మెషీన్‌లో 20 కిలోలతో మొదలుపెట్టాను, ఇప్పుడు 45. జిమ్ లేనివాళ్లు వీపుకు బ్యాగు తగిలించుకుని అందులో 5 కిలోల బియ్యం ప్యాకెట్లు ఒక్కొక్కటి పెంచుకుంటూ మెట్టు మీద ఒంటికాలితో చేయొచ్చు. ఊరెళ్లినప్పుడు నేను చేసింది అదే.

మొదటి నెల చివర విసుగొచ్చింది. బరువులు పెరుగుతున్నాయి, ఉండ మాత్రం అలాగే ఉంది. అప్పుడు చదివిన ఒక విషయం ధైర్యమిచ్చింది. 1950, 60 దశకాల్లో జరిగిన అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 బాగా పెరిగింది, అప్పట్లో ఒంట్లో కొత్తగా తయారైన కణజాలంలోకీ అది చేరింది. డెన్మార్క్ శాస్త్రవేత్తలు దాని ఆనవాళ్లను అకిలిస్ టెండన్లలో కొలిచి, 2013లో ఒక సంగతి తేల్చారు. సుమారు 17 ఏళ్ల వయసు దాటాక ఈ టెండన్ లోపలిభాగం దాదాపుగా మళ్లీ కొత్తగా తయారవదు. పదిహేడేళ్లప్పుడు తయారైన తాడే నాకు ఇప్పటికీ ఉంది. కాబట్టి నాలుగు వారాల్లో ఉండ కరగలేదని టెన్షన్ పడటంలో అర్థం లేదు. ఉండ ఉన్నా నొప్పి తగ్గవచ్చు, బలం పెరగవచ్చు. అప్పటినుంచి ఉండను నొక్కి చూసుకోవడం మానేసి, నెలకోసారి ఈ టెండన్ పరిస్థితిని మార్కుల్లో కొలిచే వీసా-ఏ ప్రశ్నావళి నింపుతున్నాను. అందులో 100 వస్తే నొప్పి, ఇబ్బంది ఏమీ లేనట్టు. నాకు మొదట 48, తర్వాత 61, 74, ఇప్పుడు 85.

ఇంజెక్షన్ల గురించి చాలామంది అడిగారు. మన రక్తమే తీసి, ప్లేట్‌లెట్లు వేరుచేసి టెండన్‌లోకి ఎక్కించే పీఆర్‌పీ మీద రెండు మంచి పరిశోధనలున్నాయి. 2010లో దాన్ని ఉప్పునీటి ఇంజెక్షన్‌తో పోల్చారు, 2021లో బ్రిటన్‌లో 240 మంది మీద ఉత్తుత్తి సూదితో పోల్చారు. రెండింటిలోనూ తేడా కనిపించలేదు. ఆ డబ్బుకు ఏడాది జిమ్ ఫీజు వస్తుంది. షూలో మడమ కింద పెట్టుకునే ఎత్తు మెత్తలకు మాత్రం ఆధారం ఉంది. ఆస్ట్రేలియాలో 100 మంది మీద జరిగిన పరీక్షలో 12 వారాల దగ్గర అవి మడమ దించే వ్యాయామం కంటే మెరుగ్గా కనిపించాయి. అయితే మనం ఇంట్లో చెప్పులు లేకుండా గచ్చు మీద తిరుగుతాం, పొద్దున ఆ మొదటి అడుగులు పడేది అక్కడే. అందుకని ఇంట్లోకి మడమ ఎత్తుగా ఉన్న చెప్పుల జత విడిగా కొన్నాను. రెండు వారాల్లో పొద్దుటి అంకె 4 నుంచి 2కు వచ్చింది. చెప్పుల వల్లా, బరువుల వల్లా అని విడదీసి చెప్పలేను, రెండూ కలిపే నడిచాయి.

ఆపక్కర్లేదన్నా, పొద్దుటి అంకె నా హద్దు 3 లోపలికి వచ్చాకే, రెండో నెలలో పరుగు మొదలైంది. రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక, రోజు విడిచి రోజు, చదునుగా ఉన్న రోడ్డు మీదే. కేబీఆర్ పార్కు చుట్టూ ఉన్న ఎత్తుపల్లాలను వదిలేశాను, ఎక్కేటప్పుడు టెండన్ మీద సాగుదల ఎక్కువ. మూడో నెలలో ఒంటికాలి గెంతులు కలిశాయి. టెండన్‌కు స్ప్రింగులా పనిచేయడం మళ్లీ అలవాటు కావాలంటే నిదానపు బరువులు ఒక్కటే చాలవు.

దూరం పెంచడానికి 2025లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనను పట్టుకున్నాను. 5,205 మంది రన్నర్ల వాచీల లెక్కలు చూశారు. వారం మొత్తం దూరం ఎంత పెరిగిందన్నది గాయాలను అంతగా చెప్పలేకపోయింది. గత 30 రోజుల్లో పరుగెత్తిన అతి పెద్ద దూరాన్ని ఒకే పరుగులో 10 శాతానికి మించి దాటితే మాత్రం గాయాలు పెరిగాయి. ఈ లెక్క నాకు నచ్చింది, కూడికలు అక్కర్లేదు. నా పెద్ద పరుగు 8 కనుక వచ్చే ఆదివారం 8.8 దాటను, ఆపైన 9.6. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ వద్దనుకుని 10కేకు పేరిస్తున్నాను. ఫ్లైఓవర్లు ఎక్కడం జూలై రెండో వారం నుంచి, అదీ పొద్దుటి అంకె వరుసగా 1 దగ్గరే నిలబడితేనే. బరువులు మాత్రం రేసు అయ్యాక కూడా వారానికి రెండుసార్లు ఉంటాయి. కూర్చునే మెషీన్‌లో 60 కిలోలు 6 సార్లు లేపడం తర్వాతి లక్ష్యం.