లేబులు చిరిగిన ప్లేటు

ఇప్పుడు తెల్లవారుజామున రెండు గంటల పది నిమిషాలైంది. డ్యూటీ ముగించుకుని ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుని, గ్లాసుడు మజ్జిగ తాగి కూర్చున్నాను. పాత పాటల కార్యక్రమం ఉన్న రాత్రి నాకు వెంటనే నిద్ర పట్టదు. రెండు గంటలపాటు హెడ్‌ఫోన్లలో విన్న గొంతులు ఇంటిదాకా వెంట వస్తాయి. ఈ రోజు జరిగిన ఒక పొరపాటును మరచిపోకముందే రాసుకోవాలని డైరీ తీశాను.

మధ్యాహ్నం మూడు గంటలకే రేడియో స్టేషనుకు వెళ్లాను. మచిలీపట్నంలో ఒక కుటుంబం వారు తమ తాతగారి రేకు పెట్టెలో ఉన్న గ్రామఫోన్ రికార్డులను పోయిన నెల మాకు ఇచ్చారు. నలభై ఒక్క ప్లేట్లలో ఆరు పగిలిపోగా మిగిలినవన్నీ నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేట్లే. వాటిలో పన్నెండింటిని ఈ రాత్రికి ఎంచుకుని కడగడం మొదలుపెట్టాను. ఈ ప్లేట్లను కడగడం ఒక పద్ధతిగా జరగాలి. బ్యాటరీల షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కల సబ్బు నీళ్లు కలిపి, మెత్తని కుంచెను గాడి వెంబడే తిప్పుతూ, నడుమనున్న కాగితపు లేబులు తడవకుండా దాని మీద స్టీలు గిన్నె బోర్లించి కడుగుతాను. తరువాత వంటింట్లో కంచాలు నిలబెట్టే స్టాండులో వరుసగా నిలబెట్టి ఆరనిస్తాను. పాత ప్లేట్లలో లక్క ఉంటుంది. లక్క స్పిరిట్‌లో కరిగిపోతుంది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఆ సంగతి తెలియక, ఆ తరువాతి కాలపు ప్లాస్టిక్ ప్లేట్లయిన ఎల్పీ రికార్డులను తుడిచినట్టే ఒక 78 ప్లేటును స్పిరిట్ దూదితో తుడిచాను. నల్లని తళుకు నా వేళ్లకు అంటుకుని వచ్చింది. ఆ ప్లేటు మళ్లీ పాడలేదు. ఆనాటి నుంచి నేను ఉన్న గదిలో స్పిరిట్ సీసా ఉండనివ్వను.

ఈ రోజు కడిగిన వాటిలో ఒక ప్లేటు లేబులు సగం చిరిగిపోయి ఉంది. కుక్క బొమ్మ, చిత్రం పేరు మిగిలాయి కానీ పాడినవారి పేరు ఉండవలసిన చోట చెదలు తిన్న తెల్లని మచ్చ ఒకటే ఉంది. మా కంప్యూటరు జాబితాలో అదే పాటకు గానం పి. లీల అని ఉంది. నాలుగు గంటల ప్రాంతంలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒకసారి విన్నాను. రెండో చరణంలో పదాన్ని విరిచే చోట ఏదో తేలికదనం తోచింది. లీలగారి గొంతుకు సహజమైన ఆ శాస్త్రీయమైన బరువు అక్కడ లేదనిపించింది. అనిపించి కూడా, జాబితాలో ఉంది కదా అని, ప్రసారంలో చదవవలసిన వివరాలు వరుసగా రాసుకునే క్యూ షీటులో లీలగారి పేరే రాసుకున్నాను. నా తప్పు జాబితాను నమ్మడంలో లేదు, నా చెవిని నమ్మకపోవడంలో ఉంది.

పాటకు ముందు చిత్రం, రచన, సంగీతం, గానం అని నాలుగూ వరుసగా చెప్పడం నాకు మా అమ్మ నుంచి వచ్చిన అలవాటు. ఆవిడ తన చిన్నతనంలో శ్రీలంక నుంచి వచ్చే రేడియో సిలోన్ తెలుగు ప్రసారాలలో మీనాక్షి పొన్నుదురైగారి గొంతు విని పెరిగింది. సముద్రం అవతలి నుంచి అలలుగా ఎగసి పడుతూ వచ్చే ఆ షార్ట్‌వేవ్ శబ్దంలో పాట సగం తెగిపోయినా, పేర్లు మాత్రం స్పష్టంగా వినబడేవని చెబుతుంది. 1952లో సమాచార ప్రసార శాఖకు మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్ హయాంలో ఆకాశవాణి సినిమా పాటలను దూరం పెట్టినప్పుడు దేశమంతా సిలోను వైపు ముల్లు తిప్పింది. 1957 అక్టోబరు 3న సినిమా పాటలు వేసే ఆకాశవాణి సేవ వివిధ భారతి మొదలయ్యాకనే ఆ శ్రోతలు కొంతైనా వెనక్కి వచ్చారు. అమ్మకు ఈ తేదీలు గుర్తులేవు. ఏ పాట ఎవరు రాశారో, ఎవరు బాణీ కట్టారో మాత్రం ఇప్పటికీ తడుముకోకుండా చెబుతుంది. చదువు పెద్దగా లేని మనిషికి దేవులపల్లి కృష్ణశాస్త్రి, సాలూరి రాజేశ్వరరావు ఇంట్లోవారిలా తెలిశారంటే, ప్రతిసారీ ఓపికగా ఆ పేర్లు చదివిన అనౌన్సర్ల వల్లనే తెలిశారు.

రాత్రి సరిగ్గా 11 గంటలకు, శబ్దాన్ని ప్రసారంలోకి వదిలే మీట అయిన ఫేడరు పైకెత్తాను. 78 ప్లేటును క్యూ చేయడం, అంటే పాట మొదలయ్యే చోట సిద్ధంగా నిలపడం, ఎల్పీని క్యూ చేసినంత సుకరం కాదు. దానికి లావుపాటి ముల్లు వేరే ఉండాలి. ఎల్పీ ముల్లు ఆ వెడల్పయిన గాడిలో అడుగుకు దిగిపోయి బురద తోడినట్టు రొదనే తోడుతుంది. పాట తొలి స్వరం వినబడే చోటు పట్టుకుని, ప్లేటును చేత్తో ఒక చుట్టు వెనక్కి తిప్పి ఆపుకుంటాను. నా మాట ముగిసే క్షణానికి చేయి వదిలితే, ప్లేటు వేగం అందుకునేసరికి స్వరం పడుతుంది. ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకే పట్టే ఈ ప్లేట్లలో పొడవైన పాటలను రెండు వైపులకూ విడగొట్టేవారు. ఈ రాత్రి అలాంటి పాట ఒకటి ఉంది. మొదటి వైపు ముగిశాక తిరగేసి మళ్లీ ముల్లు పెట్టడానికి నాకు పదమూడు సెకన్లు పట్టింది. కంప్యూటరులో అతికించిన ప్రతి ఉన్నా నేను అది వేయలేదు. ఆ పదమూడు సెకన్లలో ఏమీ మాట్లాడలేదు కూడా. పగటి కార్యక్రమాలలో మూడు సెకన్ల నిశ్శబ్దం వచ్చినా డ్యూటీ రూము నుంచి ఫోన్ వస్తుంది. రాత్రి వినేవారు అలా కంగారుపడరు. ఆ పాటను గ్రామఫోన్ పెట్టెల మీద విన్నవారు తమ ఇంట్లో ఎవరో లేచి ప్లేటు తిప్పినట్టే అనుకుని ఉంటారు. పాట ముందు వచ్చే వాద్యాల మీద మాట్లాడటం, చివరి చరణం పూర్తి కాకముందే తుంచేయడం నేను ఎన్నడూ చేయను. ఆ వాద్యాలను వాయించినవారి పేర్లు లేబులు మీద కూడా ఉండవు. వారికి మనం ఇవ్వగలిగినది ఆ ఇరవై సెకన్లే.

పన్నెండు దాటితే ఫోన్లు తగ్గుతాయి కానీ వచ్చినవి విలువైనవి. గుంటూరు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీలో రాత్రి కాపలా ఉండే ఒకాయన వారానికి ఒకసారైనా ఘంటసాలగారిని అడుగుతాడు. ఆసుపత్రి వార్డులో నైట్ డ్యూటీ చేసే ఒక అమ్మాయి పాట అడగదు, వింటున్నానని చెప్పడానికే చేస్తుంది. డల్లాసులో మధ్యాహ్న భోజనవేళ యాప్‌లో వినేవారి సందేశాలు ఒకటి రెండు వస్తాయి.

ఆ చిరిగిన లేబులు ప్లేటు వేసింది పన్నెండు గంటల ఇరవై నిమిషాలకు. "గానం పి. లీల" అని చదివాను. రెండో చరణం పూర్తి కాకముందే ఫోన్ మోగింది. తెనాలి నుంచి ఒక రిటైర్డు తెలుగు మాస్టారు.

"అమ్మా, అది లీల కాదు. జిక్కి."

"మా జాబితాలో లీలగారని ఉంది మాస్టారూ. లేబులు చిరిగిపోయింది."

"జాబితా సంగతి నాకు తెలియదు. ఆ మాట చివర చూడు తల్లీ, లీల అయితే అక్కడ గమకం వేసి దిగుతుంది. ఈవిడ చిన్న నవ్వు పెట్టి వదిలేసింది. నువ్వే విను."

ఫోన్ పట్టుకునే ఉండి, రెండో చెవికి హెడ్‌ఫోను ఆనించి విన్నాను. ఆ నవ్వు ఉంది. సాయంత్రం నాకు తోచిన తేలికదనం అదే. మాస్టారు ఇంకేమీ అనలేదు. "సరి చేస్తానండీ" అన్నాను. "చేస్తావని తెలుసు, అందుకే ఫోన్ చేశాను" అని పెట్టేశారు.

తరువాతి పాట వేయబోయే ముందు, ఇందాకటి పాట పాడినది జిక్కిగారని, పొరపాటు నాదని, తెనాలి నుంచి ఒక శ్రోత సరిదిద్దారని చెప్పాను. అలా చెప్పి ఊరుకోవడానికి మనసొప్పక, చివరి పాటను పక్కన పెట్టి ఆ ప్లేటునే మళ్లీ మొదటి నుంచి, ఈసారి సరైన పేరుతో వేశాను. ఒక రాత్రి ఒకే పాట రెండుసార్లు వేయడం నా సర్వీసులో ఇదే మొదటిసారి.

ఇలాంటిదే మరో సంగతి గుర్తొచ్చింది. 1949లో వచ్చిన హిందీ చిత్రం 'మహల్'లోని ఒక పాట రికార్డు మీద గాయని పేరు బదులు చిత్రంలోని పాత్ర పేరు, కామిని అని అచ్చువేశారు. పాట ప్రసారం కాగానే పాడినది ఎవరని శ్రోతలు అడగడం మొదలుపెడితే, రేడియోవారు రికార్డు కంపెనీని అడిగి తెలుసుకుని లతా మంగేష్కర్ పేరు ప్రకటించారు. ఆనాటి శ్రోతలు అడగకపోతే ఆ పేరు ఇంకెంతకాలం కామినిగా ఉండిపోయేదో. మా జాబితాలో జిక్కిగారి ఈ పాట లీలగారి పేరు మీద ఎన్నేళ్లుగా ఉందో, ఎన్నిసార్లు అలాగే చదివామో తలచుకుంటే బాధగా ఉంది. ఒకరి పాట పోయింది, రెండోవారికి తాను పాడని పాట వచ్చి చేరింది. ఇద్దరికీ అన్యాయమే. జిక్కిగారు 2004లో, లీలగారు 2005లో వెళ్లిపోయారు. పేరు తప్పు చెప్పారమ్మా అని ఫోన్ చేయడానికి ఇద్దరూ లేరు. తెనాలిలో ఒక మాస్టారు మేలుకుని ఉన్నారు కాబట్టి ఈ రాత్రి సరిపోయింది.

ఒంటిగంటకు ఫేడరు దించి, కంప్యూటరు జాబితాలో సవరణ కోసం లాగ్ బుక్కులో రాసి సంతకం పెట్టాను. ప్లేటును కొత్త కాగితపు కవరులో పెట్టాను. లేబులు మీద రాయడానికి చేయి రాలేదు. కవరు మీద పెన్సిలుతో, గుండ్రని అక్షరాలతో రాశాను: గానం జిక్కి.