సున్నా రిటర్నులు వేయలేదని ఆగిపోయిన నా గ్రాంటు

ఈ మధ్యాహ్నం నా ఖాతాలో 5,820 డాలర్లు పడ్డాయి. కొత్త కుట్టుమిషన్ ముందు కూర్చునే ఇది రాస్తున్నాను, ఆ ఎనిమిది నెలల తిప్పలు మర్చిపోకముందే.

మాది తెనాలి దగ్గర పల్లె. ఇప్పుడుండేది న్యూజెర్సీ, ఎడిసన్. ఓక్ ట్రీ రోడ్డు దగ్గర చిన్న కొట్టు అద్దెకు తీసుకుని జాకెట్లు, లంగాఓణీలు కుడతాను, మగ్గం పని చేస్తాను. పెళ్లికూతురి జాకెట్టు కోసం పెన్సిల్వేనియా నుంచి కూడా కారేసుకుని వస్తారు నా దగ్గరికి.

మా అసెంబ్లీ సభ్యుడి ఆఫీసు నుంచి నెలనెలా ఈమెయిల్ వస్తుంది. ఇక్కడ రాష్ట్రం మొత్తం 40 నియోజకవర్గాలు, ఒక్కో నియోజకవర్గానికి ఒక సెనేటరు, ఇద్దరు అసెంబ్లీ సభ్యులు. ఆ నెల మెయిల్లో పైన షెల్టర్‌లో కుక్కల్ని ఇంటికి తీసుకెళ్లండని ఉంది, కింద చిన్న వ్యాపారాలకి గ్రాంటని ఉంది. మావాడు పైది చదివాడు, నేను కిందిది చదివాను.

కుక్క పని ఒక్క శనివారంలో అయిపోయింది. ఫారం నింపాం, ఇంటి ఓనరు ఒప్పుకున్నట్టు కాగితం చూపించాం, మా కుక్క జున్నుని తెచ్చుకున్నాం. ఏడు నెలలు నిండిన కుక్కకి టౌన్‌షిప్‌లో లైసెన్సు తీసుకోవాలి. రేబిస్ టీకా ఆ లైసెన్సు ఏడాదిలో కనీసం పది నెలలకి చెల్లేలా ఉండాలి. షెల్టర్‌లో వేసిన టీకా కొత్తదే కాబట్టి మాకు ఇబ్బంది రాలేదు.

ఇక గ్రాంటు. రాష్ట్రం ఈ పథకాన్ని 2022లో మొదలుపెట్టింది. కొట్టు బాగు చేసుకున్నా, సామాను కొనుక్కున్నా ఖర్చులో సగం, 50,000 డాలర్లు మించకుండా ఇస్తారు. ముందు మన డబ్బు పెట్టి కొనాలి, రసీదులు చూపించాక సగం వెనక్కి వస్తుంది. ముందే చేతికిస్తారనుకుని చీటీ పాడుకోకుండా కూర్చోకండి. ఇంట్లో కుట్టుకునేవాళ్లకి ఇది రాదు, కొట్టు ఉండాలి. నిర్మాణ పనులు పెట్టుకుంటే కూలీలకి ప్రభుత్వం నిర్ణయించిన రేటే ఇవ్వాలని వేరే రూలుంది. ఆ జోలికి పోకుండా నేను రెండు పెద్ద మిషన్లు, అంచులు కుట్టే ఒక ఓవర్‌లాక్ మిషన్, ఆవిరి ఇస్త్రీ బల్ల మాత్రమే రాసుకున్నాను.

అన్నీ ఇచ్చాక పన్ను బాకీలు లేవని సర్టిఫికెట్ తెమ్మన్నారు. 75 డాలర్లు కట్టి ఆన్‌లైన్‌లో అడిగాను. కుదరదని ఉత్తరం వచ్చింది. ఆరు క్వార్టర్ల (క్వార్టరంటే మూడు నెలలు) సేల్స్ టాక్స్ రిటర్నులు వేయలేదట.

నాకు కాళ్ల కింద భూమి కదిలినట్టయింది. న్యూజెర్సీలో బట్టల మీద సేల్స్ టాక్స్ లేదు, కుట్టుకూలీ మీదా లేదు. లేని పన్నుకి రిటర్నేమిటి? నా వ్యాపారం రిజిస్టర్ చేసినాయనే, మన తెలుగాయనే, "మీకు ఆ గోల లేదమ్మా" అన్నాడు. కానీ ఫారంలో సేల్స్ టాక్స్ గడిలో టిక్కు పెట్టింది కూడా ఆయనే. టిక్కు పడ్డాక ఒక్క డాలరు పన్ను లేకపోయినా మూడు నెలలకోసారి సున్నా అని రిటర్ను వేయాల్సిందే. వేయకపోతే ఆలస్యమైన ఒక్కో నెలకి 100 డాలర్ల దాకా జరిమానా వేయొచ్చు.

ఉత్తరం పట్టుకుని ఆయన ఆఫీసుకి వెళ్లాను. బయట నలుగురు కూర్చుని ఉన్నారు, అందులో ఇద్దరు నా కస్టమర్లే. ఆయన కాగితం చూసి గట్టిగా, అందరికీ వినబడేలా, "జాకెట్లు కుట్టుకునేవాళ్లకి ఈ గ్రాంట్లెందుకమ్మా? అనవసరంగా కెలుక్కున్నారు" అన్నాడు. సరిచేయడానికి 900 అవుతుందన్నాడు. తప్పు తనదని ఒక్క మాట అనలేదు. నాకు నోట మాట రాలేదు. కారులోకొచ్చి స్టీరింగ్ పట్టుకుని ఏడ్చాను. పదిహేనేళ్ల వయసు నుంచి ఈ సూదితోనే మా తమ్ముళ్లని చదివించాను. నా పని గురించి అంత చులకనగా ఎవరూ మాట్లాడలేదు.

మన భాషవాడు కదా అని కాగితాలు చదవకుండా సంతకాలు పెట్టేస్తాం. ఆ అలవాటు మానుకోవాలి. ఏ గడిలో టిక్కు పెట్టారో అడగండి, ఒక కాపీ ఇంట్లో పెట్టుకోండి.

ఆ రాత్రి మళ్లీ ఆ ఈమెయిల్ తీశాను. అడుగున చిన్న అక్షరాల్లో, రాష్ట్ర శాఖలతో ఇబ్బంది ఉంటే మా ఆఫీసుకి ఫోన్ చేయండని ఉంది. పొద్దున్నే చేశాను. ఒకమ్మాయి ఎత్తింది. నా ఇంగ్లీషుకి విసుక్కోకుండా మొత్తం విన్నది. నా తరఫున వాళ్లు పన్ను శాఖతో మాట్లాడటానికి ఒప్పుకుంటున్నట్టు నేను సంతకం చేసిన ఫారం పంపమంది. నాలుగు రోజులకి తనే ఫోన్ చేసి, ఆరు సున్నా రిటర్నులూ మీరే ఆన్‌లైన్‌లో వేయొచ్చు, తర్వాత జరిమానా మాఫీ చేయమని కారణం రాస్తూ ఉత్తరం పెట్టండి అని చెప్పింది. గ్రాంటు ఇప్పించడం తమ చేతిలో లేదని, ఫైలు ఎవరి బల్ల మీద ఉందో కనుక్కోవడం వరకే తమ పని అని కూడా చెప్పింది. ఆ నిజాయితీ నాకు నచ్చింది. పైసా అడగలేదు. మనవాళ్లలో ఎంతమంది ఆ నంబరుకి ఫోన్ చేశారో కానీ, ఓట్లు లేనివాళ్లు కూడా చేయొచ్చు. నాకూ లేదు, గ్రీన్ కార్డే.

ఆరు రిటర్నులకి నాకు పట్టింది గంటంపావు. ఆ గంటంపావు పనికే ఆయన 900 అడిగాడు. జరిమానా మాఫీ అయింది, ఏడు వారాలకి సర్టిఫికెట్ చేతికొచ్చింది. తర్వాత ఒప్పందం మీద సంతకం, 11,640 డాలర్ల రసీదులు, ఎదురుచూపు. అవి నడిచిపోయాయి.

జున్ను ఇస్త్రీ బల్ల కింద పడుకుని ఉంది. ఎల్లుండి 20వ తారీఖు, ఈ క్వార్టర్ రిటర్నుకి ఆఖరు రోజు. ఈ రాత్రే సున్నా వేసేసి కొట్టు మూస్తాను.