ఒక్క తూటా తుపాకీ

అక్టోబరులో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రానికి వెళ్ళిన మనవాళ్ళు రంగు మారిన ఆకులు చూసి, గేస్ మిల్స్ ఆపిల్ తోటల్లో ఫోటోలు దిగి వచ్చేస్తారు. మేమూ అదే ప్లాన్‌తో మాడిసన్ నుంచి బయల్దేరాం. మా తమ్ముడి కొలీగ్ ఒకాయనకు విరోక్వా దగ్గర పొలం ఉంది. ఆ శని, ఆదివారాలు పిల్లల కోసం ప్రత్యేకంగా పెట్టే జింకల వేట, వస్తారా అన్నాడు. పిల్లల చేతికి తుపాకీలేంటని మా ఆవిడ రానంది. నేను వెళ్ళాను.

ఆయన మనవరాలికి 11 ఏళ్ళు. అక్కడ పెద్దల వెంట వేటకెళ్ళడానికి మొదట్లో కనీసం 10 ఏళ్ళుండాలనేవారు. 2017లో ఆ హద్దు కూడా తీసేశారు. పెద్దవాళ్ళు చేయి చాస్తే అందేంత దగ్గరలో ఉండాలి, అంతే. నాకిది నచ్చలేదు. ఆ మాటే అంటే ఆయన, "నేను వయసు చూడను, బొటనవేలు చూస్తాను" అన్నాడు.

ఆ పాపది మధ్యకి విరిచి తెరిచే రైఫిల్. ఒక్క తూటానే పడుతుంది. తెరిస్తే గొట్టంలోంచి అవతలి వెలుతురు కనిపిస్తుంది కాబట్టి, తూటా ఉందా లేదా అన్న అనుమానమే ఉండదు. తెరిచి ఉందో మూసి ఉందో పది అడుగుల దూరం నుంచి కూడా తెలుస్తుంది. అలాగని పూర్తిగా సేఫ్ అనుకోకూడదు. కాల్చే ముందు వెనక ఉన్న హామర్‌ని, అంటే తూటాని పేల్చే చిన్న సుత్తిలాంటి దాన్ని, బొటనవేలితో ఎత్తాలి. ఈలోగా జింక వెళ్ళిపోతే, ఎత్తిన హామర్‌ని వేలితో ఆపి పట్టుకుని, ట్రిగ్గర్ నొక్కి మెల్లగా దించాలి. చలికి మొద్దుబారిన చిన్న వేలు జారితే పేలిపోవచ్చు. అందుకే వేసవంతా ఖాళీ తుపాకీతో ఇదే ప్రాక్టీస్ చేయించాడట. గురి సంగతి ఆ తర్వాతే.

తెల్లవారుజామున అందరం నారింజ రంగు కోట్లు, టోపీలు వేసుకుని నడిచాం. కంచె దగ్గర పాప ఆగి, తుపాకీ తెరిచి ఖాళీగా ఉందని చూపించి, తాత చేతికిచ్చి దాటింది. ఎవరూ చెప్పకుండానే.

గుడారంలాంటి మాటులో కూర్చున్నాం. టెన్షన్ అంతా నాకే. కాసేపటికి గుట్ట అంచు మీదకి ఓ జింక వచ్చి, అడ్డంగా నిలబడింది. నాకైతే ఇంతకంటే మంచి అవకాశం ఉండదనిపించింది.

"దాని వెనకేముంది?" తాత గుసగుసగా అడిగాడు.

"ఆకాశం."

పాప హామర్ ఎత్తనే లేదు. గురి తప్పితే తూటా గుట్ట దాటి ఎక్కడో పడుతుంది, అవతల ఇంకొకరి పొలం. వెనక మట్టి గట్టు ఉంటేనే కాల్చాలట. జింక తాపీగా వెళ్ళిపోయింది. ఆ పూట ఇంకేదీ రాలేదు.

తిరిగొస్తుంటే మీ ఊళ్ళో ఏం వేటాడతారని అడిగింది. మా దేశంలో వేట నిషేధమని చెప్పాను.

"మరి జింకలు పంట తినేస్తే?"

మా దగ్గర ఆ పని ఎక్కువగా అడవిపందులు చేస్తాయని, రైతులు రాత్రిళ్ళు మంచెలెక్కి డబ్బాలు కొడతారని చెప్పాను. డబ్బాలకి పారిపోతాయా అని పడీపడీ నవ్వింది.